పిపెట్ ఎక్కడ పెట్టాలి, బ్యూరెట్ ఎలా దాచాలి: తిరుపతి, చిత్తూరు ల్యాబుల కోసం ఒక పోలిక

మైక్రోపిపెట్లు (అతి కొద్ది ద్రవాన్ని కొలిచి తీసే చేతి పరికరాలు) కొనేటప్పుడు కొటేషన్‌లో స్టాండు చివరి లైనులో ఉంటుంది. "అది కూడా వేయమంటారా సార్?" అని డీలరు అడుగుతాడు. బిల్లు తగ్గించాలనుకున్నప్పుడు ముందు కొట్టేసేదీ ఆ లైనే. ఆ తర్వాత పిపెట్లు టిప్పుల (పిపెట్ చివర తొడిగే ప్లాస్టిక్ మొనల) బాక్సు మూత మీద, రిజిస్టరు పక్కన, ఫ్రిజ్ పైన తిరుగుతూ ఉంటాయి. ఏడాదికోసారి కాలిబ్రేషన్‌కు, అంటే కొలత సరిచూడ్డానికి, పంపితే సీల్ పోయిందనో పిస్టన్‌కు తుప్పు పట్టిందనో రిపోర్టు వస్తుంది, దాని వెనకే బిల్లు వస్తుంది.

స్టాండు కొనాలని నిర్ణయించుకున్న వాళ్లకు ఇంకో చిక్కు. గుండ్రంగా తిరిగేదా, వరసగా ఉండేదా, అల్మారా అంచుకు తగిలించేదా? అసలు కంపెనీ డబ్బాలోనే తిరిగి పెట్టేస్తే పోదా? గాజు పిపెట్లు, బ్యూరెట్లు (కింద కుళాయి తిప్పి ద్రవాన్ని చుక్కచుక్కగా వదిలే గీతల గాజు గొట్టాలు), లాక్టోమీటర్లు (పాల చిక్కదనం చూసేవి) ఉన్నవాళ్లకు ఈ ప్రశ్నలు ఇంకా ఎక్కువ.

రుయా, స్విమ్స్ ఆసుపత్రుల చుట్టుపక్కల ఉన్న డయాగ్నొస్టిక్ సెంటర్లకూ, ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, వెటర్నరీ యూనివర్సిటీ లాంటి చోట్ల ఉండే ల్యాబులకూ, డిగ్రీ కాలేజీల కెమిస్ట్రీ గదులకూ, చిత్తూరు వైపు పాల సెంటర్లకూ, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల క్వాలిటీ గదులకూ ఒకే జవాబు చెప్పడం కుదరదు. కానీ అందరికీ వర్తించే మాట ఒకటుంది. కొలత పరికరం రాత్రి బీరువాలో ఉన్నప్పుడు చెడిపోయేది తక్కువ. పగలు ఒక శాంపిల్ అయిపోయి ఇంకో శాంపిల్ మొదలయ్యే ఆ రెండు నిమిషాల్లో అది ఎక్కడ ఉందో అక్కడే చాలావరకు చెడిపోతుంది. ఈ పోలికంతా ఆ రెండు నిమిషాలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు చూడాల్సినవి

మొదటిది ద్రవం ఎటు పోతుందన్నది. పరికరంలో మిగిలిన చుక్క బయటికి జారాలే గానీ లోపలికి పోకూడదు. రెండోది మొన. పిపెట్ మొన, బ్యూరెట్ ముక్కు దేన్నీ తాకకుండా ఉండాలి. మూడోది దుమ్ము, వేడి, ఆవిరి. నాలుగోది చేతికి అందడం. చెయ్యి చాచితే దొరికే చోట లేకపోతే ఎంత మంచి స్టాండయినా ఖాళీగానే ఉంటుంది. ఆఖరిది లెక్క. సాయంత్రం ఒక్క చూపులో ఏది లేదో తెలియాలి.

ధరను ఈ వరసలో పెట్టలేదు. మైక్రోపిపెట్ ధర ముందు ఏ మామూలు స్టాండు ధరయినా చిన్నదే. గాజు సామానుకైతే సొరుగులో వేసే గాడుల ట్రే వడ్రంగితో చేయించుకుంటే సరిపోతుంది.

మైక్రోపిపెట్: లోపల ఏముందో తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే

మనం మామూలుగా వాడే మైక్రోపిపెట్‌లో ద్రవం పిస్టన్‌ను తాకదు. రెండింటి మధ్య కొంచెం గాలి ఉంటుంది. పిస్టన్ పైకి లేస్తే ఆ గాలి లాగుతుంది, టిప్పులోకి ద్రవం ఎక్కుతుంది. పిస్టన్ చుట్టూ ఒక సీల్, పైన ఒక స్ప్రింగు ఉంటాయి. పనంతా నడిచేది ఈ మూడింటి మీదే.

ఇప్పుడు టిప్పులో సీరం (రక్తం నుంచి వేరుచేసిన ద్రవం) ఉండగానే పిపెట్‌ను బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టారనుకోండి. ద్రవం గాలి దారి పట్టుకుని లోపలికి పాకుతుంది. సీరమైతే ఎండి పొర కడుతుంది. సెలైన్ లాంటి ఉప్పు ద్రావణమైతే లోహపు పిస్టన్ మీద గరుకు మచ్చలు వేస్తుంది. ఆ గరుకు సీల్‌ను రోజూ కొద్దికొద్దిగా గీస్తుంది. బయటికి ఏమీ కనపడదు. బటన్ నొక్కితే మెత్తగానే పోతుంది.

పిపెట్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8655 ప్రకారం 1000 మైక్రోలీటర్ల పిపెట్‌ను నిండు కొలతలో పరీక్షిస్తే సగటు తేడా 8 మైక్రోలీటర్లు దాటకూడదు. 10 మైక్రోలీటర్ల దానికైతే 0.12 మైక్రోలీటరే. ఇంత సన్నని లెక్కలో సీల్ దగ్గర చిన్న లీకు ఉన్నా చాలు, షుగర్ రీడింగ్ ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తుంది. టెక్నీషియన్ రీఏజెంట్‌ను (పరీక్షలో కలిపే రసాయనాన్ని) అనుమానిస్తాడు, రీఏజెంట్ కంపెనీ వాళ్లు మెషీన్‌ను అనుమానిస్తారు, పిపెట్ జోలికి మాత్రం ఎవరూ పోరు.

అందుకే ఏ స్టాండు కొన్నా పిపెట్ నిలువుగా, మొన కిందికి ఉండేలా ఉండాలి. ఇందులో బేరం లేదు. టిప్ తీసేసిన తర్వాతే స్టాండుకు తగిలించాలి. పని ముగిశాక కొలతను పిపెట్ గరిష్ఠానికి తిప్పి ఉంచితే స్ప్రింగు మీద ఒత్తిడి ఉండదని తయారీదారులు చెబుతారు. అయితే ఆ గరిష్ఠం దాటించి బలవంతంగా తిప్పకండి, పళ్లు అరిగిపోతాయి.

ఇక నాలుగు దారులు.

| చూడాల్సింది | గుండ్రంగా తిరిగే స్టాండు | వరస స్టాండు | అల్మారా అంచు హుక్ | డబ్బా లేదా సొరుగు |
|---|---|---|---|---|
| నిలువుగా ఉంటుందా | ఉంటుంది | ఉంటుంది | ఉంటుంది | ఉండదు |
| మొన దేనికైనా తగులుతుందా | తిప్పేటప్పుడు పక్కదానికి తగలొచ్చు | తగలదు | కింద సామాను పెడితే తగులుతుంది | పక్క పరికరాలకు తగులుతుంది |
| దుమ్ము నుంచి రక్షణ | లేదు | లేదు, గుడ్డ కప్పడం తేలిక | లేదు | బాగుంటుంది |
| చేతికి అందడం | నలువైపులా అందుతుంది | ఒకవైపు నుంచే | చాలా దగ్గర | కష్టం |
| బల్ల మీద చోటు | ఎక్కువ పడుతుంది | సన్నగా ఇముడుతుంది | అక్కర్లేదు | అక్కర్లేదు |
| ఒక్క చూపులో లెక్క | తిప్పి చూడాలి | వెంటనే తెలుస్తుంది | వెంటనే తెలుస్తుంది | తెరిచి చూడాలి |

గుండ్రంగా తిరిగేది చూడ్డానికి దర్జాగా ఉంటుంది. బల్లకు రెండు వైపులా కూర్చుని పనిచేసే రీసెర్చ్ ల్యాబులకు అది నిజంగా ఉపయోగం. గోడకు ఆనించిన బల్ల మీద పెడితే మాత్రం సగం స్టాండు గోడవైపు ఉంటుంది. కావాల్సిన పిపెట్ వెనక ఉంటే చకచకా తిప్పుతారు, బరువు ఒకవైపే ఉంటే అది ఊగుతుంది. ఆరు పిపెట్లు పట్టే స్టాండులో రెండే ఉంటే ఎదురెదురుగా తగిలించాలి. అది గుర్తుపెట్టుకునే వాళ్లు తక్కువ.

నా ఓటు వరస స్టాండుకే. చిన్న ల్యాబుకు ఇంతకన్నా పనికొచ్చేది లేదు. ఎడమ నుంచి కుడికి 10, 50, 100, 1000 అని వరస పెట్టి, ప్రతి గాడి కింద చిన్న స్టిక్కరు మీద పిపెట్ నంబరు, కాలిబ్రేషన్ గడువు రాసి అంటించండి. సాయంత్రం గాడి ఖాళీగా ఉంటే అది ఎవరి జేబులో ఉందో అప్పుడే అడగొచ్చు. జేబు అని ఊరికే అనడం లేదు. తెల్లకోటు జేబులో మైక్రోపిపెట్ వేసుకుని టిఫినుకు వెళ్లే వాళ్లు ఉన్నారు.

ఈ స్టాండులో ఒకే ఇబ్బంది, అన్ని కంపెనీల పిపెట్ల మెడా ఒకేలా ఉండదు. వేలు ఆన్చే కొక్కెం కొన్నిటికి వెడల్పు, కొన్నిటికి ఇరుకు. ఒక కంపెనీ స్టాండులో ఇంకో కంపెనీ పిపెట్ వదులుగా వేలాడుతుంది, ఫ్యాను గాలికే కదులుతుంది. కొనేముందు మీ పిపెట్ తీసుకెళ్లి తగిలించి చూడండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఏ కంపెనీకి సరిపోతుందో రాసి ఉందో లేదో చదవండి. "యూనివర్సల్" అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మేయకండి.

అల్మారా అంచుకు బిగించే హుక్ చవక, చోటు కలిసొస్తుంది. బల్ల అడుగున్నర వెడల్పే ఉండే కలెక్షన్ సెంటర్లకు అదే దిక్కు. కానీ స్క్రూతో బిగించేదే కొనండి. జిగురు పట్టీతో అంటించేది మే నెల ఎండకు మెత్తబడుతుంది, నవంబరు ముసురుకు పట్టు వదులుతుంది. పిపెట్ నేల మీద పడిందంటే బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల షాఫ్టు వంగి ఉంటుంది. పడిన పిపెట్‌ను తూకం పరీక్ష (తీసిన నీళ్లను త్రాసు మీద తూచి చూడటం) చేయకుండా మళ్లీ వాడొద్దు.

కంపెనీ డబ్బా పారేయకండి, కాలిబ్రేషన్‌కు పంపేటప్పుడు కావాలి. అదనంగా కొని దాచిన పిపెట్‌కూ అదే సరి. శుభ్రం చేసి, ఆరబెట్టి, టిప్ లేకుండా పెడితే అడ్డంగా ఉన్నా నష్టం లేదు, లోపలికి పోవడానికి ద్రవం ఉండదు కాబట్టి. కానీ రోజూ వాడేదాన్ని డబ్బాలో పెట్టాలని రూలు పెడితే అది మొదటి వారమే నడుస్తుంది. శాంపిళ్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే ప్రతిసారీ మూత తీసి, స్పాంజిలో అమర్చి, మూత పెట్టే ఓపిక ఎవరికుంటుంది? "ఈడ పెట్టేస్తా సార్, మళ్లీ తియ్యల్ల గదా" అంటాడు కుర్రాడు. అతని తప్పేం లేదు. రెండు వాడకాల మధ్య చోటు చూపించకపోవడం మన తప్పు.

బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ పిపెట్లకు వాటి చార్జింగ్ స్టాండే స్టాండు, అక్కడ ఎంపిక లేదు. ఆ ప్లగ్గును యూపీఎస్ లైనుకు కలపండి. కరెంటు పోయి వచ్చేటప్పుడు ఎక్కే వోల్టేజీకి దాన్ని వదలొద్దు.

స్టాండు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ప్రశ్న

మంచి స్టాండు కొని పడమటి కిటికీ పక్కన పెడితే ఏం లాభం? వేసవిలో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రాత్రంతా ఏసీ కట్టేసిన గదిలో వేడెక్కిన పిపెట్‌తో పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి రీఏజెంట్ తీస్తే, మధ్యలో ఉన్న గాలి వ్యాకోచించీ సంకోచించీ కొలత మారుతుంది. కొలత చిన్నదయ్యేకొద్దీ ఆ తేడా పెద్దగా కనిపిస్తుంది. పరీక్ష చేసేముందు పిపెట్, నీళ్లు, గది ఒకే వేడికి రావడానికి కనీసం రెండు గంటలు వదలాలని ఐఎస్‌ఓ 8655 చెబుతుంది. రోజువారీ పనిలో రెండు గంటలు కుదరకపోయినా, పిపెట్ స్టాండును ఏసీ గదిలోనే, రీఏజెంట్లు బయట పెట్టే బల్ల మీదే ఉంచితే సగం సమస్య పోతుంది.

ఫ్రిజ్ పైన వద్దు. వెనక నుంచి వేడి వస్తుంది, తలుపు వేసిన ప్రతిసారీ అదురుతుంది. సెంట్రిఫ్యూజ్ ఉన్న బల్ల మీదా వద్దు.

ఆవిరి సంగతి కెమిస్ట్రీ ల్యాబుల వాళ్లకు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా, అమ్మోనియా సీసా ఉన్న గదిలో గాజు మీద తెల్లటి మసక పొర చూసే ఉంటారు. గుడ్డతో తుడిస్తే పోతుంది, వారానికి మళ్లీ వస్తుంది. రెండు ఆవిర్లు కలిసి అమ్మోనియం క్లోరైడ్‌గా దిగుతుంది. గాజు మీద అది మసకే కావచ్చు, కానీ అదే ఆమ్లపు ఆవిరి మైక్రోపిపెట్ స్ప్రింగును తింటుంది. ఆమ్లాల బీరువాలో కింది అర ఖాళీగా ఉంది కదా అని కొలత సామాను పెట్టడం చాలా కాలేజీల్లో ఉన్న అలవాటు. అది మానుకుంటే చాలు, ఏ స్టాండూ కొనకపోయినా ఫరవాలేదు.

గాజు పిపెట్లు: బీకరులో వద్దు

10 మి.లీ. ఒకే గీత పిపెట్, క్లాస్ ఎ (ఎక్కువ ఖచ్చితత్వం ఉన్న తరగతి) అయితే, అనుమతించిన తేడా 0.02 మి.లీ. 25 మి.లీ. దానికి 0.03. ఈ ఖచ్చితత్వమంతా మొనలో ఉన్న చిన్న రంధ్రం మీద ఆధారపడి ఉంది. ద్రవం ఎంత సేపట్లో కారాలో, గాజు గోడకు ఎంత అంటుకుని మిగలాలో లెక్కేసి ఆ రంధ్రం చేస్తారు. మొన చిట్లితే కారే వేగం మారుతుంది, గోడకు మిగిలేదీ మారుతుంది. పిపెట్ మీద క్లాస్ ఎ అని రాసే ఉంటుంది, కొలత మాత్రం క్లాస్ ఎ కాదు.

మొనలు చిట్లేది ఎక్కువగా బీకరు వల్లే. కడిగిన పిపెట్లను బీకరులో మొన కిందికి వేస్తారు, గాజు మీద గాజు టక్కుమంటుంది. ఒక్కసారికి ఏమీ కాదు. ఏడాది పొడవునా రోజూ పది మంది పిల్లలు అదే పని చేస్తే మొనలన్నీ ఎలుక కొరికినట్టు అవుతాయి.

నిలువు స్టాండు, గాడులున్న సొరుగు, ఈ రెండింటిలో ఏది మేలు అంటే, రెండూ కావాలి, వేర్వేరు వేళలకు. కడిగిన వెంటనే నిలువుగా ఆరాలి. నోటి వైపు కిందికి, మొన పైకి, అడుగున మడత పెట్టిన ఫిల్టర్ పేపరు. ఆరిన తర్వాత సొరుగులోకి. సొరుగులో ఒక్కో పిపెట్‌కు ఒక్కో గాడి, మొనలన్నీ ఒకే వైపు, సొరుగు లాగినప్పుడు దొర్లకుండా అంచున పట్టీ. నిలువు స్టాండులోనే నెలల తరబడి వదిలేస్తే మొనలు పైకి ఉంటాయి కాబట్టి దుమ్ము లోపలికి దిగుతుంది, పక్కనుంచి పోయేవాడి మోచెయ్యి తగులుతుంది.

కొలత గాజును ఓవెన్‌లో ఎండబెట్టే అలవాటు వద్దు. గాలికి ఆరితే చాలు. తొందరుంటే ఈసారి తీయబోయే ద్రావణంతోనే రెండు సార్లు కడిగి వాడుకోవచ్చు, పిపెట్‌కు తడి ఆ రకంగా అడ్డం కాదు.

మన బోరు నీళ్ల సంగతి వేరే చెప్పాలి. చివరి కడుగు బోరు నీళ్లతో అయితే ఆరిన చోటల్లా తెల్ల మచ్చలు మిగులుతాయి. మొన రంధ్రంలో ఆ సున్నం పేరుకుంటే చిట్లిన దానికి ఎదురు పని చేస్తుంది, ద్రవం నెమ్మదిగా కారుతుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఒకసారి కడిగితే పోతుంది. చివరి రెండు కడుగులు డిస్టిల్డ్ వాటర్‌తో అయితే అసలు రాదు.

ఫ్లాస్కుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మూతను దాని ఫ్లాస్కుకే దారంతో కట్టండి, మూతకూ మెడకూ మధ్య కాగితం ముక్క పెట్టండి.

బ్యూరెట్: ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందన్నదే ప్రశ్న

50 మి.లీ. క్లాస్ ఎ బ్యూరెట్‌కు అనుమతించిన తేడా 0.05 మి.లీ. అది సుమారు ఒక్క చుక్క. స్టాప్‌కాక్ (కింద ఉండే కుళాయి, దాన్ని తిప్పే ముక్క పేరు కీ) దగ్గర ఒక్క చుక్క ఊరితే మొత్తం లెక్క అక్కడికే సరి. కాబట్టి బ్యూరెట్ దాచడమంటే స్టాప్‌కాక్‌ను దాచడమే అనుకోండి.

గాజు స్టాప్‌కాక్‌కు పెద్ద శత్రువు సోడియం హైడ్రాక్సైడ్. ప్రాక్టికల్ అయ్యాక ఆ ద్రావణం బ్యూరెట్‌లోనే వదిలేస్తే గాజును నెమ్మదిగా కొరుకుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి స్టాప్‌కాక్ చుట్టూ తెల్లటి గట్టి పొర కడుతుంది, కీ బిగుసుకుపోతుంది. బలం పెట్టి తిప్పితే విరుగుతుంది. టెఫ్లాన్ కీ ఉన్న బ్యూరెట్ బిగుసుకోదు, గ్రీజు అక్కర్లేదు. కొత్తగా కొనేవాళ్లు అదే కొనండి. దానికీ ఒక ఇబ్బంది ఉంది. వేడికి టెఫ్లాన్ గాజు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, బిగించి వదిలేస్తే ఒత్తిడికి ఆకారం కోల్పోతుంది. ఎండ వేడికీ ఏసీ చల్లదనానికీ మధ్య నలిగి తర్వాత కారుతుంది. అందుకని దాచేటప్పుడు నట్టును ఒక చుట్టు వదులు చేయాలి.

దాచే దారులు మూడు. రేపు మళ్లీ ప్రాక్టికల్ ఉంటే: కడిగి, డిస్టిల్డ్ వాటర్ నింపి, పైన చిన్న టెస్ట్ ట్యూబు బోర్లించి స్టాండు మీదే వదిలేయండి. లోపలి గోడ ఎండదు, పొద్దున చుక్కలు అంటుకోకుండా సాఫీగా కారుతుంది. వారం, రెండు వారాలు సెలవులైతే: ఖాళీ చేసి, స్టాప్‌కాక్ తెరిచి, క్లాంపులో తలకిందులుగా. నీళ్లన్నీ కారి ఆరిపోతుంది, దుమ్ము పడదు. ముక్కు మాత్రం పైకి ఉంటుంది కాబట్టి దాని మీద కాగితపు టోపీ పెట్టండి. మన వైపు కందిరీగలకు సన్నటి రంధ్రం కనిపిస్తే చాలు, మట్టి తెచ్చి మూసేస్తాయి. బ్యూరెట్ ముక్కులో ఎండిన మట్టి తీయడం ఎంత కష్టమో తీసిన వాళ్లకే తెలుసు. తీగ పెట్టి పొడవొద్దు, నీళ్లలో నాననివ్వండి.

మూడోది సీజన్ ముగిశాక దాచడం. చిత్తూరు, బంగారుపాళెం, దామలచెరువు వైపు గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి కాయ వచ్చే నెలల్లో క్వాలిటీ గది రాత్రింబవళ్లు నడుస్తుంది. ప్రతి బ్యాచికీ ఆమ్లత్వం చూడాలి, అంటే బ్యూరెట్‌లో ఎప్పుడూ సోడియం హైడ్రాక్సైడే. కాయ అయిపోగానే కాంట్రాక్టు కుర్రాళ్లు ఊళ్లకు వెళ్లిపోతారు, బ్యూరెట్ మాత్రం స్టాండు మీదే మళ్లీ సీజన్ దాకా నిలబడి ఉంటుంది. కొలత సామాను ఎక్కువగా పాడయ్యేది ఇలాంటి చోటే.

సీజన్ ఆఖరి రోజు గంట సేపు కేటాయించండి. ముందు నీళ్లతో, తర్వాత బాగా సజలమైన ఆమ్లంతో ఒకసారి, మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. గాజు కీ అయితే బయటికి లాగి, పాత గ్రీజు గుడ్డతో పూర్తిగా తుడిచి, కీకూ దాని గూడుకూ మధ్య సన్నని కాగితం పట్టీ చుట్టి తిరిగి పెట్టండి. పాత రకం గాజు కీలు ఏ బ్యూరెట్‌వి ఆ బ్యూరెట్‌కే సాన పట్టి ఉంటాయి. నాలుగు కీలు ఒకే గిన్నెలో వేసి కడిగితే నాలుగూ కలిసిపోతాయి, అప్పుడు నాలుగూ కారతాయి. దారంతో కట్టి, రెండింటి మీదా ఒకే నంబరు రాసి, సొరుగులో పడుకోబెట్టండి.

పాల సెంటర్లు: ఏది ఏదో తెలియడం ముఖ్యం

లాక్టోమీటరు దాచడం తేలికే. అడుగున దూది పెట్టిన గొట్టం డబ్బా చాలు. చాలా చోట్ల పాలు పోసే జాడీలోనే నీళ్లు నింపి లాక్టోమీటరును అందులో వదిలేస్తారు. ఇంకో క్యాను రాగానే తీసి వాడొచ్చు కాబట్టి రద్దీ వేళ అది తప్పు కాదు. కానీ ఆ నీళ్లు ఉదయం నుంచీ మార్చకపోతే కాడ మీద కొవ్వు పొర పడుతుంది, పాల మట్టం దగ్గర అంచు సరిగా తేలదు, గీత సరిగా చదవలేం. రద్దీ తగ్గగానే గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, గొట్టంలో పెట్టాలి. మరీ వేడి నీళ్లు వద్దు. పలచటి గాజు పగలొచ్చు, లోపలి కాగితపు స్కేలు జిగురు వదిలి జారొచ్చు. స్కేలు అర మిల్లీమీటరు జారినా రీడింగ్ తప్పే, బయటికి మాత్రం నిక్షేపంగా ఉంటుంది.

ఐఎస్‌ఐ లాక్టోమీటర్లు 27 డిగ్రీలకు తయారైనవి. వేరే ఉష్ణోగ్రతకు తయారైనవీ దొరుకుతాయి. రెండు రకాలు ఒకే డబ్బాలో ఉండకూడదు.

అంతకన్నా పెద్ద నష్టం పిపెట్లు కలిసిపోతే వస్తుంది. గెర్బర్ పద్ధతిలో వెన్న శాతం చూడటానికి 10 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్ తీసుకుంటారు. పాల పిపెట్ పక్కనే మామూలు 10 మి.లీ. పిపెట్ కూడా అదే స్టాండులో ఉండి, రద్దీలో ఎవరో దానితో పాలు తీశారనుకోండి. పాలు దాదాపు 7 శాతం తక్కువ పడతాయి. వెన్న 4.0 రావాల్సిన చోట 3.7 చుట్టూ వస్తుంది. రైతుకు వెన్న శాతాన్ని బట్టే డబ్బు. పరికరం పగల్లేదు, కాలిబ్రేషన్ పోలేదు, పెట్టిన చోటు మాత్రమే తప్పు. పాల గదిలో 10.75 పిపెట్లకు విడిగా స్టాండు, వాటి మెడకు రంగు టేపు ఉండాలి. 10 మి.లీ. పిపెట్లు ఆ గదిలోనే ఉండక్కర్లేదు.

ఎవరికి ఏది

చిన్న డయాగ్నొస్టిక్ సెంటరు నడిపేవాళ్లు: వరస స్టాండు ఒకటి, రాత్రి కప్పడానికి మందపాటి శుభ్రమైన గుడ్డ. అంతకన్నా ఏమీ వద్దు. రెండు బల్లల మీద పని జరుగుతుంటే ఒక పెద్ద స్టాండు కన్నా రెండు చిన్నవి మేలు. పిపెట్ ఎంత దూరం ప్రయాణిస్తే అంత ప్రమాదం.

రీసెర్చ్ ల్యాబులో ఒకే బల్ల నలుగురు పంచుకుంటే గుండ్రటి స్టాండు. ఎవరి పిపెట్లు వాళ్లవే అయితే మళ్లీ వరస స్టాండే, పేరు రాసి. సెల్ కల్చర్ (జీవకణాలు పెంచే) గదిలో హుడ్ (శుభ్రమైన గాలి వీచే పని పెట్టె) లోపల వాడే పిపెట్లు అక్కడే ఉండాలి కాబట్టి హుడ్ లోపలే ఒక హుక్.

డిగ్రీ కాలేజీ వాళ్లకు మైక్రోపిపెట్ స్టాండు కన్నా ముందు గాడుల సొరుగు, ఆరబెట్టే నిలువు స్టాండు కావాలి. ఉన్న డబ్బు రెండింటికీ చాలకపోతే సొరుగే చేయించండి, ఆరబెట్టడానికి క్లాంపు స్టాండులు ఎలాగూ ఉంటాయి. అటెండరుకు ఒక్క మాట చెప్పి ఆమ్లాల బీరువాలోంచి కొలత సామాను బయటికి తెప్పించండి.

ఈశాన్య రుతుపవనాల వేళ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మూసిన డబ్బాలో పెట్టే ఏ పరికరానికైనా పక్కన సిలికా జెల్ పొట్లం వేయండి. నీలం రకమైతే గులాబీ రంగుకు తిరిగినప్పుడు దాని పని అయిపోయినట్టు. వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. ఆ గింజలు చేతితో ముట్టొద్దు, నీలం రంగు ఇచ్చేది కోబాల్ట్ లవణం.

ఎన్ని జాగ్రత్తలతో దాచినా, నెలలు గడిచాక తీసిన పరికరాన్ని నేరుగా పనిలో పెట్టొద్దు. దాచడం బాగుందో లేదో తేల్చేది తూకమే. 10 మి.లీ. గాజు పిపెట్‌తో 27 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్ తీసి, మూడు దశాంశాలు చూపే త్రాసు మీద పెట్టిన చిన్న గిన్నెలోకి వదలండి. 9.955 గ్రాముల దగ్గర రావాలి. క్లాస్ ఎ అయితే 9.935, 9.975 మధ్య ఉంటే వాడుకోవచ్చు. నాలుగైదు సార్లు చేసినా అదే వైపు దాటుతుంటే ముందు మొనను భూతద్దంతో చూడండి, సున్నం ఉంటే కడిగి మళ్లీ తూచండి. చిట్లి ఉంటే మెడకు ఎర్ర టేపు చుట్టి రీఏజెంట్లు పోసే పనులకు పంపండి. మంచి వాటి సొరుగులోకి మాత్రం మళ్లీ రానివ్వొద్దు.